మలేరియా, సికిల్ సెల్: ఎర్ర రక్తకణం పగిలితే ఒంట్లో మోగే అలారం ఏంటి? దాన్ని ల్యాబ్‌లో ఎలా పట్టుకుంటారు? బస్తర్‌కు ఇదెందుకు ముఖ్యం?

2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లారు. జ్వరం ఉన్నవాళ్లకే కాదు, లేనివాళ్లకు కూడా వేలి మీద గుచ్చి రక్తం పరీక్ష చేశారు. తొలి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షిస్తే 64 వేల మందికి పైగా మలేరియా ఉన్నట్లు తేలింది.

ఆ సంఖ్య కంటే ఆలోచించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. పాజిటివ్ వచ్చినవారిలో సగానికి పైగా మందికి మలేరియా లక్షణాలేవీ లేవు. ఒంట్లో పరాన్నజీవి ఉంది, కానీ జ్వరం లేదు, వణుకు లేదు. వాళ్లు రోజూలాగే పనులకు వెళ్తున్నారు.

అదే బస్తర్‌లో, అదే పరాన్నజీవి వల్ల కొందరు పిల్లలు తీవ్రమైన రక్తహీనతతో ఆసుపత్రికి చేరతారు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొందరు చనిపోతారు.

ఊరొకటే, రోగమొకటే. మరి ఒకరికి ఏమీ కాకపోవడం, మరొకరికి ప్రాణం మీదకు రావడం ఎందుకు?

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ఒంట్లో ఎన్ని పరాన్నజీవులు ఉన్నాయి, గతంలో ఎన్నిసార్లు మలేరియా వచ్చింది, తిండి ఎలా ఉంది, పుట్టుకతో వచ్చిన రక్త లక్షణాలేంటి... ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వీటితోపాటు ఇంకొకటి ఉంది. పరాన్నజీవిని చూసి మన శరీరం ఎంత గట్టిగా స్పందిస్తుందన్నది.

ఆ స్పందనను మొదలుపెట్టేవి మన కణాల్లోని కొన్ని ప్రోటీన్లు. వాటిని సహజ రోగనిరోధక రిసెప్టర్లు అంటారు. వాటిని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు గత మూడు దశాబ్దాలుగా ఎలాంటి పరికరాలు, పద్ధతులు తయారుచేసుకున్నారు? అవి బస్తర్ లాంటి చోటికి ఎంతవరకు పనికొస్తాయి?

ర్యాపిడ్ టెస్ట్ ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

బస్తర్ గ్రామాల్లో మితానిన్‌లు (ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్తలను ఇలాగే పిలుస్తారు) వాడే మలేరియా కిట్ చూడటానికి చిన్న ప్లాస్టిక్ ముక్క. ఒక చుక్క రక్తం, కొద్దిగా ద్రావణం వేస్తే 15-20 నిమిషాల్లో గీతలు కనిపిస్తాయి.

ఆ గీత వెనుక ఉన్నది యాంటీబాడీలు. ఫాల్సిపారం మలేరియా పరాన్నజీవి వదిలే ఒక ప్రోటీన్‌ను అవి పట్టుకుంటాయి. ఎన్నో ఏళ్లు ల్యాబ్‌లో పడిన శ్రమ ఇలా జేబులో పట్టే కిట్‌గా మారి అడవిలోని ఊళ్లకు చేరింది. కరెంటు అక్కర్లేదు, మైక్రోస్కోప్ అక్కర్లేదు.

అయితే ఈ కిట్ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. "పరాన్నజీవి ఉందా, లేదా?"

"ఈ మనిషి శరీరం దాన్ని ఎలా తట్టుకుంటోంది? రేపు పరిస్థితి విషమిస్తుందా?" అన్న రెండో ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. ఆ జవాబు పరాన్నజీవిలో కాదు, మనిషి కణాల్లో ఉంటుంది.

అసలు ఈ రిసెప్టర్లు ఏంటి?

మన రోగనిరోధక వ్యవస్థను రెండు భాగాలుగా చూడొచ్చు.

మొదటిది నేర్చుకునే వ్యవస్థ. టీకా వేస్తే యాంటీబాడీలు తయారయ్యేది దీని వల్లే. ఇది కచ్చితంగా గురిచూసి కొడుతుంది. కానీ సిద్ధం కావడానికి రోజులు పడుతుంది.

రెండోది పుట్టుకతోనే ఉండే సహజ వ్యవస్థ. ఇది నిమిషాల్లో, గంటల్లో స్పందిస్తుంది. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే మొరిగే కుక్క లాంటిదనుకోండి. వచ్చినవాడి పేరు దానికి తెలియదు. మనవాడు కాదన్న సంగతి మాత్రం తెలుస్తుంది.

ఆ కుక్క వాసన పసిగట్టే ముక్కు లాంటివి ఈ రిసెప్టర్లు. బ్యాక్టీరియా పైపొర, వైరస్‌ల ఆర్ఎన్ఏ, పరాన్నజీవుల డీఎన్ఏ... ఇలా సూక్ష్మజీవుల్లో సాధారణంగా కనిపించే గుర్తులను ఇవి పసిగడతాయి. మన సొంత కణాలు పగిలినప్పుడు బయటకొచ్చే పదార్థాలకూ స్పందిస్తాయి.

ఇలాంటి రిసెప్టర్లు ఉండి తీరాలని అమెరికా శాస్త్రవేత్త చార్ల్స్ జేన్‌వే 1989లోనే ఊహించారు. 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం, పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో 'టోల్' అనే జన్యువు దెబ్బతింటే అవి ఫంగస్ సోకి చనిపోతున్నాయని చూపించింది. 1997లో రుస్లాన్ మెద్జితోవ్, జేన్‌వే మనుషుల్లోనూ టోల్‌ను పోలిన ప్రోటీన్ ఉందని చెప్పారు. 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం బ్యాక్టీరియా విషాన్ని గుర్తించే రిసెప్టర్ టీఎల్ఆర్4 అని తేల్చింది. హాఫ్‌మన్, బాయిట్లర్‌లకు 2011లో నోబెల్ వచ్చింది.

మనుషుల్లో ఇలాంటి టోల్ తరహా రిసెప్టర్లు 10 ఉన్నాయి. ఇవి కణం పైపొర మీద, కణం లోపలి సంచుల మీద ఉంటాయి. కణద్రవంలో కాపలా కాసే మరో కుటుంబం పేరు ఎన్ఎల్ఆర్. మనుషుల్లో వీటి సంఖ్య 22.

కనిపించని దాన్ని ఎలా పట్టుకుంటారు?

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూడగలిగారంటే ఆయన దగ్గర మైక్రోస్కోప్ ఉండబట్టే. పరాన్నజీవిని చూడటానికి అది చాలు. రిసెప్టర్ పనిచేయడాన్ని చూడటానికి చాలదు.

అందుకే శాస్త్రవేత్తలు వేరే దారులు వెతికారు. అందులో ముఖ్యమైనవి నాలుగు.

ఒకటి, తీసేసి చూడటం. ఒక జన్యువును తొలగించిన ఎలుకలను తయారుచేస్తారు. వీటిని నాకౌట్ ఎలుకలు అంటారు. ఒక రిసెప్టర్ లేని ఎలుకలో ఏ స్పందన ఆగిపోయిందో చూస్తే ఆ రిసెప్టర్ పనేంటో తెలుస్తుంది. ఇంట్లో ఏ ఫ్యూజు ఏ గదిదో తెలియకపోతే ఒక్కొక్కటీ తీసి చూస్తాం కదా, అలాగే.

రెండు, ఖాళీ కణంలో పెట్టి చూడటం. 1973లో నెదర్లాండ్స్‌లో తయారైన హెక్293 అనే మనిషి కణాలను ఇందుకు ఎక్కువగా వాడతారు. వీటిలో చాలా టోల్ రిసెప్టర్లు సహజంగా ఉండవు. అందులో మనకు కావాల్సిన ఒక్క రిసెప్టర్‌ను ప్రవేశపెడతారు. ఆ రిసెప్టర్ మేల్కొంటే కణం ఒక ఎంజైమ్‌ను విడుదల చేసేలా ఏర్పాటు చేస్తారు. ఎంజైమ్ వస్తే ద్రవం నీలంగా మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే స్పందన అంత ఎక్కువ. ఇలా వందలాది రసాయనాలను ఒకేసారి పరీక్షించవచ్చు.

మూడు, కణం చావును కెమెరాతో చూడటం. ఎలుక ఎముక మజ్జ నుంచి మాక్రోఫేజ్‌లు అనే కణాలను వారం రోజుల పాటు పెంచుతారు. వాటికి ఒక రంగు కలుపుతారు. బతికున్న కణంలోకి ఆ రంగు వెళ్లదు. కణం పొర చిల్లు పడితేనే వెళ్తుంది. కెమెరా గంట గంటకూ ఫొటో తీస్తుంది. ఎప్పుడు, ఎన్ని కణాలు చనిపోయాయో లెక్క తేలుతుంది.

నాలుగు, కల్తీ లేని నమూనా. వినడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. కానీ ఈ రంగంలో పెద్ద పెద్ద పొరపాట్లు జరిగింది ఇక్కడే.

కల్తీ ఎంత పని చేసింది?

బ్యాక్టీరియా పైపొరలో ఉండే విషాన్ని ఎండోటాక్సిన్ అంటారు. ఇది నీళ్లలో, గాజు సామానులో, ల్యాబ్‌లో తయారుచేసిన ప్రోటీన్లలో ఎక్కడైనా ఉండొచ్చు. ఒక నానోగ్రామ్, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు ఉన్నా మాక్రోఫేజ్‌లు రెచ్చిపోతాయి.

ఫలానా ప్రోటీన్ టీఎల్ఆర్4ను మేల్కొలుపుతోందని ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. తర్వాత చూస్తే వాటిలో కొన్నింటిలో స్పందన వచ్చింది ప్రోటీన్ వల్ల కాదు, అందులో కలిసిన ఎండోటాక్సిన్ వల్ల అని తేలింది.

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నమూనాను మరిగిస్తారు. వేడికి ప్రోటీన్ పాడవుతుంది. ఎండోటాక్సిన్ పాడవదు. మరిగించిన తర్వాత కూడా కణాలు అలాగే స్పందిస్తే నమూనా మీద అనుమానపడాలి.

మలేరియా విషయంలోనూ ఇలాంటి చిక్కు వచ్చింది. పరాన్నజీవి ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌ను తిని, మిగిలిన దాన్ని గోధుమ రంగు స్ఫటికంగా మార్చి పక్కన పెడుతుంది. దాని పేరు హీమోజోయిన్. ఈ స్ఫటికమే టీఎల్ఆర్9ను మేల్కొలుపుతోందని 2005లో ఒక బృందం చెప్పింది. 2007లో మరో బృందం ఆ స్ఫటికాన్ని శుభ్రం చేసి మళ్లీ పరీక్షించింది. స్ఫటికం ఊరకే ఉంది. దానికి అంటుకున్న పరాన్నజీవి డీఎన్ఏనే అసలు కారణమని, స్ఫటికం దాన్ని మోసుకొచ్చే వాహనం మాత్రమేనని వాదించింది.

అంటే ఒక రిసెప్టర్ గురించి మనకు తెలిసింది నిజమా కాదా అన్నది, దాన్ని పరీక్షించిన సాధనం ఎంత శుభ్రంగా ఉందన్న దానిపై ఆధారపడుతుంది.

కొత్తగూడెం నుంచి మెంఫిస్ దాకా

ఈ రంగంలో ప్రపంచమంతా తెలిసిన శాస్త్రవేత్తల్లో ఒకరు మన తెలుగు మహిళ. పేరు కన్నెగంటి తిరుమలాదేవి. ఊరు కొత్తగూడెం. సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ చదివారు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశారు. మొక్కలకొచ్చే తెగుళ్లు, ఫంగస్ విషాలపై పరిశోధన మొదలుపెట్టి, అమెరికా వెళ్లాక సహజ రోగనిరోధక శక్తి వైపు మళ్లారు. 2007 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో పనిచేస్తున్నారు.

ఎన్ఎల్ఆర్‌పీ3 అనే రిసెప్టర్ బ్యాక్టీరియా ఆర్ఎన్ఏకు స్పందిస్తుందని 2006లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధనలో ఆమెదే మొదటి పేరు. అప్పుడామె మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. తర్వాత ఆమె ల్యాబ్ రకరకాల రిసెప్టర్లు లేని ఎలుకలను, వాటి కణాలను పెద్ద సంఖ్యలో సమకూర్చుకుంది. అవే ఆమె ప్రధాన సాధనాలు.

2023లో ఆ బృందం 'సెల్' పత్రికలో ప్రచురించిన పరిశోధన బస్తర్‌కు సూటిగా సంబంధించింది.

ఎర్ర రక్తకణం పగిలితే అందులోని హిమోగ్లోబిన్ బయటకొస్తుంది. దాన్నుంచి హీమ్ అనే ఇనుము ఉన్న పదార్థం విడిపోతుంది. రక్తానికి ఎరుపునిచ్చేది ఇదే. హిమోగ్లోబిన్ లోపల ఉన్నంతకాలం మేలు చేస్తుంది. విడిగా తిరిగితే విషం.

ఆ బృందం మాక్రోఫేజ్‌లకు హీమ్ ఒక్కటే ఇచ్చి చూసింది. సూక్ష్మజీవుల గుర్తులను విడిగా ఇచ్చి చూసింది. రెండూ కలిపి ఇచ్చింది. రెండూ కలిసినప్పుడే కణాలు పెద్ద ఎత్తున చనిపోయాయి. ఆ చావు కూడా నిశ్శబ్దంగా ఉండదు. చుట్టుపక్కల వాపును, మంటను రాజేస్తుంది. ఈ తరహా చావుకు వాళ్లు పెట్టిన పేరు పాన్‌ఆప్టోసిస్.

మరి ఈ రెండు సంకేతాలనూ కలిపి పసిగట్టే రిసెప్టర్ ఏది? ఒక్కో రిసెప్టర్ లేని కణాలను తీసుకుని చూస్తూ వచ్చారు. ఎన్ఎల్ఆర్‌పీ12 లేని కణాలు బతికాయి. అంతకుముందు ఈ రిసెప్టర్ అసలు పనేంటన్న దానిపై స్పష్టత లేదు.

తర్వాత ఎలుకల్లో రసాయనంతో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి, పైన ఎండోటాక్సిన్ ఇచ్చారు. మామూలు ఎలుకల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చాలా చనిపోయాయి. ఎన్ఎల్ఆర్‌పీ12 లేని ఎలుకలకు రక్షణ దొరికింది.

బస్తర్‌కు దీంతో సంబంధం ఏంటి?

కొత్తగూడెం ఉన్న భద్రాద్రి జిల్లా, బస్తర్ డివిజన్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాలు ఇరుగుపొరుగు. సరిహద్దు గ్రామాల వాళ్లు జ్వరమొస్తే భద్రాచలం ఆసుపత్రికి రావడం మామూలే. కోంటా వైపు తెలుగు మాట్లాడేవాళ్లు, తెలుగుకు దగ్గరగా ఉండే దోర్లీ మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు.

ఎర్ర రక్తకణాలు పగలడానికి ఈ ప్రాంతంలో ఒకటి కాదు, కనీసం మూడు కారణాలున్నాయి.

మొదటిది మలేరియా. ఫాల్సిపారం పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో పెరిగి దాదాపు 48 గంటలకోసారి దాన్ని పగలగొట్టుకుని బయటకొస్తుంది.

రెండోది సికిల్ సెల్. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఈ జన్యువు వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి. మామూలు కణం 120 రోజులు బతికితే ఇవి 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతాయి. మధ్య భారతంలోని ఆదివాసీల్లో ఈ జన్యువు ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం.

మూడోది జీ6పీడీ లోపం. ఈ ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్లకు వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ఇచ్చే ప్రిమాక్విన్ మాత్రలు వేస్తే ఎర్ర రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది.

కణాలు పగిలితే హీమ్ వస్తుంది. పక్కనే ఏదో ఒక ఇన్ఫెక్షన్ ఉంటుంది. ఎలుకల్లో ఎన్ఎల్ఆర్‌పీ12ను మేల్కొలిపిన రెండు సంకేతాలూ ఇవే. వానాకాలంలో మలేరియా సోకిన సికిల్ సెల్ పిల్లవాడి ఒంట్లో ఇవి రెండూ ఒకేసారి కలుస్తాయి.

ఇక్కడే ఇంకో మలుపు ఉంది. సికిల్ సెల్ జన్యువు ఒక్క వైపు నుంచే వచ్చినవాళ్లకు జబ్బు ఉండదు. పైగా తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి మంచి రక్షణ దొరుకుతుంది. ఎందుకన్నదానికి చాలా వివరణలున్నాయి. వాటిలో ఒకటి హీమ్‌తోనే ముడిపడి ఉంది.

పోర్చుగల్‌కు చెందిన మిగెల్ సోరెస్ బృందం 2011లో సికిల్ జన్యువున్న ఎలుకలకు మలేరియా సోకించి చూసింది. ఆ ఎలుకల్లో పరాన్నజీవుల సంఖ్య తగ్గలేదు. అయినా అవి బతికాయి. వాటి ఒంట్లో ఎప్పుడూ కొద్ది కొద్దిగా హీమ్ విడుదలవుతూ ఉండటంతో, హీమ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ముందే సిద్ధంగా ఉంది. అసలు మలేరియా వచ్చినప్పుడు అదే కాపాడింది.

పరాన్నజీవిని చంపకుండానే దాని నష్టాన్ని తట్టుకోవడం సాధ్యమేనని ఇది చెబుతోంది. బస్తర్‌లో లక్షణాలు లేకుండా పాజిటివ్ వచ్చిన వేల మందికి ఇది ఒక్కటే కారణమని చెప్పలేం. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇదే. వాళ్ల శరీరం ఏ అలారాన్ని ఎలా తగ్గించుకుంది?

ఎలుక మీద తేలింది మనిషికి వర్తిస్తుందా?

పూర్తిగా వర్తించదు. తేడాలు చాలా ఉన్నాయి.

మనిషిలో పనిచేసే టీఎల్ఆర్10 ఎలుకలో పనిచేయదు. ఎలుకల్లో ఉండే టీఎల్ఆర్11, 12, 13 మనకు లేవు. మనుషుల్లో ప్రాణాలు తీసే ఫాల్సిపారం మామూలు ఎలుకలకు సోకదు. అందుకే ల్యాబ్‌లో ఎలుకల మలేరియాకు వేరే జాతి పరాన్నజీవులను వాడతారు. ఎన్ఎల్ఆర్‌పీ12 ప్రయోగంలో కణాలను పగలగొట్టింది రసాయనం, మలేరియా కాదు.

కాబట్టి మనుషుల రక్తంలో చూడాలి. అదీ ఈ జబ్బులు ఉన్నచోట చూడాలి. చిక్కంతా ఇక్కడే.

డీఎన్ఏ పరీక్షకైతే వడపోత కాగితం మీద ఎండిన రక్తపు చుక్క చాలు. పోస్టులో కూడా పంపొచ్చు. రిసెప్టర్ల స్పందన చూడాలంటే బతికున్న కణాలు కావాలి. రక్తం తీసిన కొన్ని గంటల్లోనే కణాలను వేరుచేయాలి. దాచాలంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ కావాలి. వర్షాలకు వాగులు పొంగితే మనుషులే దాటలేని ఊళ్లున్న చోట ఇదెంత కష్టమో చెప్పక్కర్లేదు.

హీమ్ విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. సన్నటి సూదితో గట్టిగా లాగినా, సీసాను బాగా కుదిపినా ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అప్పుడు నమూనాలో కనిపించే హీమ్ రోగి ఒంట్లోదా, సిరంజిలో పుట్టిందా? ఎండోటాక్సిన్ కల్తీ లాంటి సమస్యే ఇదీ. ల్యాబ్‌లో కాదు, రక్తం తీసే బల్ల దగ్గరే మొదలవుతుంది.

దీనికి దారులు లేకపోలేదు. రక్తం తీసిన వెంటనే ఆర్ఎన్ఏ పాడవకుండా కాపాడే ద్రావణం ఉన్న ట్యూబులు ఉన్నాయి. ఏ రిసెప్టర్ జన్యువు ఎంత చురుగ్గా ఉందో వాటితో తర్వాతైనా కొలవొచ్చు. సూక్ష్మజీవి గుర్తులను ముందే నింపిన ట్యూబులు కూడా ఉన్నాయి. అందులో కొంచెం రక్తం పోసి, శరీర ఉష్ణోగ్రత దగ్గర ఒక రోజు ఉంచితే కణాల స్పందన ద్రవంలోకి వస్తుంది. ఆ ద్రవాన్ని గడ్డకట్టించి పంపితే చాలు. 37 డిగ్రీలు నిలబెట్టే చిన్న పెట్టె, ఒక ఫ్రీజర్, నమ్మకమైన కరెంటు ఉంటే జిల్లా ఆసుపత్రి స్థాయిలో ఈ పని చేయొచ్చు.

జగదల్‌పుర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. రాయ్‌పుర్‌లో సికిల్ సెల్ సంస్థ ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. క్షయ బ్యాక్టీరియా ప్రోటీన్లు టీఎల్ఆర్2ను ఎలా ఏమారుస్తాయో సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. అంటే నైపుణ్యం మన దగ్గర లేనిది కాదు. దాన్ని బస్తర్ పడక దాకా తీసుకెళ్లే గొలుసు కావాలి.

దీనివల్ల మందు వస్తుందా?

రిసెప్టర్ల పరిశోధన మందుగా, టీకాగా మారిన ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాలో అల్‌హైడ్రాక్సిక్విమ్-2 అనే పదార్థం కలుపుతారు. ఇది టీఎల్ఆర్7, టీఎల్ఆర్8లను తట్టి లేపుతుంది. దాంతో టీకాకు స్పందన పెరుగుతుంది. అమెరికాలోని కాన్సస్‌లో ఉన్న వైరోవ్యాక్స్ సంస్థ అక్కడి ప్రభుత్వ నిధులతో దీన్ని రూపొందించింది. సరైన రిసెప్టర్‌ను తట్టే రసాయనాన్ని వెతికి పట్టుకోవడానికే ల్యాబ్ సాధనాలు కావాలి.

అయితే లేపడం ఒక ఎత్తు, నిద్రపుచ్చడం మరో ఎత్తు.

తీవ్రమైన సెప్సిస్‌లో టీఎల్ఆర్4ను అడ్డుకుంటే రోగులు బతుకుతారన్న ఆశతో ఎరిటోరాన్ అనే మందును తయారుచేశారు. ఎలుకల్లో బాగా పనిచేసింది. దాదాపు 2 వేల మంది రోగులపై చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. మరణాలు తగ్గలేదు.

కారణాలు ఊహించవచ్చు. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి అలారం ఎప్పుడో మోగిపోయి ఉంటుంది. ఒక రిసెప్టర్‌ను మూస్తే ఇంకొకటి ఆ పని అందుకుంటుంది. పైగా ఈ రిసెప్టర్లు శత్రువులు కావు. ఇన్ఫెక్షన్‌ను అదుపు చేసేవీ ఇవే. ఏ రోగికి, ఏ గంటలో, ఎంతసేపు అడ్డుకోవాలో తెలియకుండా మందిస్తే మేలు కంటే కీడు జరగొచ్చు.

కాబట్టి ఎన్ఎల్ఆర్‌పీ12ను ఆపే మందు రేపో మాపో బస్తర్‌కు వస్తుందని అనుకోకూడదు. ఇప్పటికిప్పుడు ప్రాణాలు కాపాడేవి దోమతెరలు, ర్యాపిడ్ కిట్లు, ఆర్టెమిసినిన్ కలిసిన మందులు, సికిల్ సెల్ పిల్లలకు హైడ్రాక్సీయూరియా, సమయానికి దొరికే రక్తం. వీటి స్థానంలో ఏ రిసెప్టర్ పరిశోధనా నిలబడదు.

మందు కంటే ముందు రాగల మేలు ఇంకొకటి ఉంది. జ్వరంతో వచ్చిన పది మంది పిల్లల్లో ఎవరి పరిస్థితి విషమించబోతోందో ముందే చెప్పే పరీక్ష. హీమ్, దానికి స్పందించే రిసెప్టర్ల చురుకుదనం... ఇలాంటి రెండు మూడు కొలతలు కలిపి ప్రమాదాన్ని అంచనా వేయగలిగితే, ఎవరిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలో తెలుస్తుంది. అంబులెన్స్ దొరకడమే కష్టమైన చోట ఆ ఒక్క సమాచారం ప్రాణం నిలబెట్టగలదు.

ఎవరి రక్తం? ఎవరికి లాభం?

చివరిగా ఒక ప్రశ్న మిగిలింది. ఇది సైన్స్ ప్రశ్న కాదు.

ఆదివాసీల రక్త నమూనాలు తీసుకెళ్లి పరిశోధన పత్రాలు రాయడం కొత్త కాదు. దేశంలో సికిల్ సెల్‌ను తొలిసారి గుర్తించింది 1952లో, నీలగిరుల్లో. అప్పటి నుంచి ఎన్నో సమూహాల రక్తం ఎన్నో ల్యాబ్‌లకు చేరింది. ఫలితం ఆ ఊళ్లకు తిరిగి వచ్చిందా అన్నది వేరే సంగతి.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఆదివాసీలను ప్రత్యేక రక్షణ అవసరమైన వర్గాల్లో చేర్చాయి. సమ్మతి అంటే వేలిముద్ర వేయించుకోవడం కాదు. గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడే తల్లికి తన భాషలో విషయం అర్థం కావాలి. "మీ పిల్లవాడి రక్తం తీసుకుంటాం. అందులోని కణాలు జబ్బుకు ఎలా స్పందిస్తున్నాయో చూస్తాం. దీనివల్ల ఇవాళ వైద్యం మారదు. వద్దంటే వైద్యం ఆగదు" అని చెప్పగలగాలి. 'రిసెప్టర్' అన్న మాటకు ఆ భాషల్లో ఏం చెప్పాలో కూర్చుని ఆలోచించడం కూడా పరిశోధనలో భాగమే.

బస్తర్‌లో పనిచేసే వైద్యులకు, మితానిన్‌లకు అక్కడే శిక్షణ ఇచ్చి, కొలిచే పరికరాలు అక్కడే ఉంచి, ఫలితాన్ని రోగి చీటీలో రాసి ఇస్తే అది ఒక రకం పరిశోధన. నమూనాలు డబ్బాల్లో వెళ్లిపోయి, పత్రం మాత్రం విదేశీ పత్రికలో వస్తే అది ఇంకో రకం.

మలేరియా ర్యాపిడ్ కిట్ కూడా ఒకప్పుడు కొద్దిమంది శాస్త్రవేత్తలకే అర్థమయ్యే ల్యాబ్ సాధనమే. దాన్ని అడవి దాకా తీసుకెళ్లాలని ఎవరో నిర్ణయించుకున్నారు కాబట్టే ఇవాళ మితానిన్ చేతిలో ఉంది. అది మొదటి ప్రశ్నకు జవాబిచ్చింది. ఒంట్లో పరాన్నజీవి ఉన్నా ఆడుకుంటున్న పిల్లవాడెవరు, రాత్రికి రాత్రి పరిస్థితి విషమించబోయే పిల్లవాడెవరు అన్న రెండో ప్రశ్నకు జవాబు చెప్పే సాధనం ఇంకా ఆ దారి పట్టాల్సి ఉంది.